నాలుగో చరణం

తిరుపతి,
ఏప్రిల్ 14

రేవతీ,

నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఉత్తరమైతే ఎత్తే పని లేదు, పోస్ట్‌మ్యాన్ గడపలో వేసి పోతాడు.

ఎల్లప్ప ఎలా ఉన్నారు? కుడిచెయ్యి ఏమైనా కదులుతోందా? మాట?

మన పాటల బృందానికి వీసాలు వచ్చాయి. జూన్ మొదటి వారంలో బయలుదేరతాం. పదిహేనుమందిమి. పదహారో చోటు నీది, ఖాళీగానే ఉంచాను. నిన్ను రమ్మని ఒప్పించడానికి రాయడం లేదు. ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చి మాట పడిపోయిన భర్తను వదిలి ఎవరైనా ఎలా వస్తారు? ఈ ఉత్తరం నీ పాట కోసం.

యూరప్‌లో కచేరీలకు మనల్ని పిలిచిన ఎస్టోనియా బృందం వాళ్లు ఒక పాట అడిగారు. గుడి పాట కాదు, కచేరీ పాట కాదు, పని చేసుకుంటూ పాడుకునేది. రెండు బృందాలూ కలిసి చివరి రోజు పాడాలట. నాకు మీ ఇంట్లో మగ్గం దగ్గర పాడుకునే పడుగు పాటే తోచింది. వీడియో కాల్‌లో మొదటి చరణం పాడాను: ‘పడుగు తెచ్చినామమ్మా, పందిట్లో పరిచినామమ్మా.’ వాళ్ల కండక్టర్ మారె అక్కడికక్కడే ఇదే కావాలంది.

నువ్వు మా మిద్దె మీద మాకు నేర్పింది మూడు చరణాలే. నాలుగోది నేను ఒకే ఒక్కసారి విన్నాను. మీ ఇంట్లో నేసిన చీరను మగ్గం మీంచి కోసిన రోజు నేను అక్కడే ఉన్నాను. నాకు గుర్తుంది. కానీ నిన్ను అడక్కుండా పాడను. ఏమంటావు?

గోద


నగరి,
ఏప్రిల్ 20

గోదక్కా,

ఫోన్ ఎత్తనిది కోపంతో కాదు. ఫోన్లో అయితే నువ్వు టీచరువి, మాట్లాడి ఒప్పిస్తావు. కాగితం మీద నేను ఆపిన చోట ఆగుతుంది.

మూడు చరణాలు పాడుకోండి. నాలుగోది వద్దు.

కారణం చెప్తాను. ఆ పాట మా అత్త తాయమ్మది. నాలుగో చరణం గుడ్డ కోసి మగ్గం మీంచి దించినప్పుడే పాడాలని ఆమె పెట్టిన కట్టుబాటు. అంతకుముందు పాడకూడదు, కూనిరాగం కూడా తీయకూడదు. మా ఆయనా మరిదీ చిన్నప్పుడు నోరు జారితే, “కొయ్యకముందే పాడతావా? నేసేది నీ నాయనా?” అని వీపు మీద ఒకటి వేసేదంట. ఊళ్లో మిగతా ఇళ్లలో ఇలా ఉందో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో ఉంది.

మా మగ్గం మీద ఇప్పుడొక చీర ఉంది. పరిచిన పడుగు నూలుకు వచ్చే చీరల్లో చివరిది. ఆయన పడిపోయిన రోజు దాన్నే నేస్తూ ఉన్నాడు. కొంగు చివర కొంచెం నెయ్యాలి. వీధిలో గుంట మగ్గం మాదొక్కటే, మిగతావన్నీ పవర్‌లూములు. మా మరిది వెంకటమునికి ఆ గది కావాలి. “మగ్గం తీసేద్దాం వదినా, అన్న ఇంక కూర్చోలేడు,” అంటున్నాడు. చెడ్డవాడు కాదు. మేము తినే బియ్యం వాడే తెస్తున్నాడు. నేను ఆ చీర చూపించి ఆపుతున్నాను. ఆ చీర మగ్గం మీద ఉన్నంతకాలం ఆయన మళ్లీ గుంటలో కాళ్లు పెడతాడని అనుకుంటున్నాను. డాక్టరు అలా అనలేదు. నేననుకుంటున్నాను.

నాలుగో చరణం పాడితే ఆ పని అయిపోయినట్టే. నువ్వు యాడ పాడినా అయిపోయినట్టే.

రేవతి


తిరుపతి,
మే 2

రేవతీ,

మూడే పాడతాం. మాట ఇస్తున్నాను.

దీన్ని నాకు వివరించాల్సిన పని లేదు. మా ఇంట్లో పాశురాలు పాడటానికి గోష్ఠిగా కూర్చుంటే చివరి రెండూ శాత్తుమొరకని, అంటే ముగింపుకని, అట్టిపెడతారు. ముందే నోట్లోంచి వస్తే మా తాతగారు పుస్తకం మూసి లేచిపోయేవారు.

గోద


విల్యాండి, ఎస్టోనియా,
జూన్ 9

రేవతీ,

ఇక్కడి నుంచి పోస్టు చేస్తే ఉత్తరం నా తర్వాత వస్తుంది. అందుకే రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నాను. నువ్వూ అలాగే చెయ్యి. ఫోన్ వద్దు. కచేరీ అయ్యేదాకా గొంతులు దాచుకోమని మారె ఆర్డరు.

ఇది చెరువొడ్డున చిన్న ఊరు. రాత్రి పదింటికీ వెలుతురు ఉంటుంది. మనవాళ్లను ఇద్దరిద్దరుగా ఇళ్లలో పెట్టారు. నేనూ ఐశ్వర్యా హెల్వి అనే ఆమె ఇంట్లో ఉన్నాం. హెల్వికి అరవై దాటాయి, పోస్టాఫీసులో చేసి రిటైరైంది. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకేలాంటివి, కాబట్టి బాగా అర్థమవుతోంది.

రెండో చరణంలో ‘పొద్దు గూకే వేళకమ్మా’ దగ్గర ఆమెకు ‘ళ’ రావడం లేదు. ‘వేలకమ్మా’ అంటుంది. నేను నాలుక మడిచి చూపిస్తే నా నోట్లోకి తొంగి చూసింది. బదులుగా వాళ్ల అచ్చు ఒకటి నాకు నేర్పుతోంది. పెదవులు గుండ్రం చేయకుండా ‘ఓ’ అనాలి. నేనంటే వాళ్లింట్లో పిల్లి లేచి పోయింది. “పిల్లికి కూడా తెలుసు,” అంది హెల్వి.

వాళ్ల పాత పాటల పద్ధతి నీకు నచ్చుతుంది. మన భజనలాగే ఒకరు చరణం అంటారు, మిగతావాళ్లు తిరిగి అంటారు. కానీ ముందు పాడే మనిషి ముగించేదాకా ఆగరు. చివరి రెండక్షరాల దగ్గరే అందుకుంటారు. వాళ్ల చివర మళ్లీ ఆమె అందుకుంటుంది. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకరు పాడుతుంటారు. పాటలో ఖాళీ ఉండదు. మన పడుగు పాటను కూడా అలాగే పాడుతున్నాం, అతికినట్టు సరిపోయింది.

ఒకటే చిక్కు. మూడో చరణం ‘ని’ మీద ఆగుతుంది కదా. అది ‘స’కు చేరేది నాలుగో చరణంలోనే. ఆ ‘ని’ దగ్గర మేం ఆపగానే వాళ్లు నలభైమందీ నా మొహం చూస్తున్నారు, మిగతాది ఎక్కడ అన్నట్టు.

గోద


నగరి,
జూన్ 12

అక్కా,

చూడనీ. నువ్వు చెప్పొద్దు.

నిన్న ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చి గది కొలిచారు. పవర్‌లూములు రెండు పడతాయంట. మా ఆయన మంచం మీంచి అంతా చూశాడు. అడ్డం చెప్పడానికి మాట లేదు.

“ఏం మునీ, నన్ను ఒక మాట అడగల్య?” అన్నాను.

“అడిగితే వద్దంటావు కదా వదినా. రెండు పవర్‌లూములు ఆడితే ఈ ఇల్లు గడుస్తాది. ఆ చీర ఎన్నాళ్లు అట్లే ఉంటాది? ఎలకలు కొరికేదాకానా?”

“ఆయనే కొయ్యాల.”

“ఏ చేత్తో కోస్తాడు?”

ఇంకొన్నాళ్లు ఆగమన్నాను. ఈ నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. అంతే.

హెల్వమ్మకు ‘ళ’ కోసం ఒక చిట్కా. నోట్లో వక్క పెట్టుకుని పాడమను.

రేవతి


విల్యాండి,
జూన్ 15

రేవతీ,

వక్క దొరకలేదు, హెల్వి బఠాణీ గింజ పెట్టుకుంది. మింగేసింది.

నిన్న మారెతో గట్టిగానే మాటలు నడిచాయి. పాట ముగించకపోతే జనం మనం మరిచిపోయామనుకుంటారు, నాలుగో చరణం నేర్పు, లేదంటే ప్రోగ్రాంలోంచి తీసేస్తానంది. అది ఒకరి ఇంటి పాట, వాళ్ల అనుమతి మూడింటికే ఉందన్నాను. కారణమేంటని అడిగింది. మీ ఇంటి సంగతి నలభైమంది ముందు చెప్పడం ఇష్టం లేక చెప్పలేదు. ఇప్పుడు ఆమెకు నేను మొండిదానిలా కనిపిస్తున్నాను.

హెల్వి నా పక్షమో కాదో తెలియదు. సాయంత్రం ఆమె వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాను. వెనక నిలబడి విని నవ్వింది. “నువ్వు కడిగేటప్పుడే బాగా పాడతావు,” అంది.

ఎల్లప్ప ఎలా ఉన్నారు? చివరి కచేరీ వచ్చే శనివారం.

గోద


నగరి,
జూన్ 17

నువ్వు మాట ఇచ్చావు.

ఐశ్వర్య నిన్నటి ప్రాక్టీసు వీడియో మన గ్రూపులో పెట్టింది. నేను నీళ్లకు పోయి ఉన్నాను. ఫోన్ ఇంట్లో ఉంది. వెంకటముని తెరిచి అన్న దగ్గర కూర్చున్నాడు. సంతోషపెడదామనే. “అన్నా సూడు, మన అమ్మ పాట తెల్లోళ్లు పాడతాండారు,” అన్నాడంట. మూడు చరణాలు అయినాయంట. ఆయన ఎడంచేత్తో మంచం పట్టె మీద తాళం వేశాడంట. నువ్వు ఆపావంట. నువ్వు ఆపిన తర్వాత ఆడవాళ్లు కొందరు పదాల్లేకుండా ‘ఊ’ అని నాలుగో చరణం రాగం పూర్తిగా తీశారు.

నేను వచ్చేసరికి ఫోన్ గోడకు తగిలి కింద పడి ఉంది. అద్దం పగిలింది, పని చేస్తోంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. మగ్గం వైపు చూడటం లేదు. నాలుగు నెలలుగా లేవగానే ముందు దానివైపే చూసేవాడు.

వెంకటముని భయపడిపోయినాడు. “ఏం చేసినానని వదినా?” అని అడుగుతాడు. వాడేం చేశాడు?

ఆ రాగం వాళ్లకు ఎవరు నేర్పినారు? ఇక్కడి నుంచి నేను నేర్పలేదు. మిగిలింది నువ్వు.


విల్యాండి,
జూన్ 17

రేవతీ,

నేనే.

గిన్నెలు కడుగుతూ తీసిన కూనిరాగం అదే. ఏం పాడుతున్నానో నాకు తెలియలేదు. రెండు వారాలుగా ‘ని’ మీద ఆపి ఆపి, గొంతు తనంతట తాను ‘స’కు పోయింది. హెల్వి ఒక్కసారి విని పట్టేసింది. పక్కవాళ్లకు నేర్పింది. నన్ను సంతోషపెడదామనుకుంది. ప్రాక్టీసులో అది వినగానే నేను ఆపించాను, కానీ ఐశ్వర్య ఫోన్ అప్పటికే నడుస్తోంది. అది గ్రూపులో పెట్టిందని నీ కాగితం చూశాకే తెలిసింది. ఆ సాయంత్రమే నీకు రాయాల్సింది. రాయలేదు. నీ దాకా రాదనుకున్నాను.

హెల్వికి అంతా చెప్పాను. కుర్చీలో కూర్చుండిపోయింది. ఆ తర్వాత నాతో ‘ళ’ ప్రాక్టీసు చేయలేదు.

పాటే తీసేయమంటే తీసేస్తాను. మారెకు ఇంకా చెప్పలేదు, నీ మాట కోసం ఆగాను. ఎల్లప్ప తిన్నారా? అదొక్కటి రాయి.

గోద


విల్యాండి,
జూన్ 20

రేవతీ,

నా కాగితం నువ్వు చూసినట్టు నీలి టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఎల్లుండి కచేరీ. రేపు ఆఖరి ప్రాక్టీసు. నీ దగ్గర నుంచి ఏమీ రాకపోతే పాట తీసేసినట్టే.

గోద


నగరి,
జూన్ 21

అక్కా,

తిన్నాడు. మిగతాది వరసగా చెప్తాను.

నిన్న పొద్దున్న వెంకటముని ఆ ఇద్దరు మనుషుల్ని మళ్లీ తెచ్చాడు. అన్న ఎలాగూ మగ్గం వైపు చూడటం మానేశాడు కదా, ఇంక అడ్డేముందనుకున్నాడు. వాళ్లలో ఒకడు కత్తెర తీసి చీర మీద చెయ్యి పెట్టి, “ఈడికి కోసేద్దామా అన్నా?” అని అడిగాడు. నేను గడపలో ఉన్నాను. నోరు తెరిచాను గానీ నాకంటే ముందు మంచం మీంచి వచ్చింది.

“నాడె ఆడుతున్నాదమ్మా, నట్టింట మోగుతున్నాదమ్మా!”

మూడో చరణం. మాటలతో. ఒక్క అక్షరం పోలేదు. నాలుగు నెలలుగా ‘నీళ్లు’ అనలేని మనిషి.

కత్తెర వాడు చెయ్యి తీసేశాడు. “అన్నకు మాటొచ్చినాది!” అని వెంకటముని అరిచాడు. నేను దగ్గరికి పోయి, ఏం కావాలి, చెప్పు అన్నాను. చెప్పబోతే రాలేదు. తర్వాత ఆ రాగంలోనే తిట్టాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

“ఎవరు పాడినారమ్మా, కొయ్యకముందే పాడినారమ్మా!”

నాలుగు రోజులు గోడవైపు తిరిగింది దిగులుతో కాదక్కా, కోపంతో. వాళ్లమ్మ తిట్టే మాటనే మాకు తిరిగి పెట్టాడు. నేను నవ్వానో ఏడ్చానో తెలియదు. వెంకటముని మాత్రం, “నేను కాదన్నా, ఆ తెల్లోళ్లు!” అని చేతులు జోడించాడు.

పుత్తూరు డాక్టరుకు ఫోన్ చేశాను. మాట పోయిన కొందరికి పాటలో మాట వస్తుందంట. అంటే మాట్లాడేది వచ్చేసినట్టు కాదు, ఆశ పెంచుకోవద్దన్నాడు. సరే అన్నాను.

మధ్యాహ్నం ఆయన ఎడంచేత్తో మగ్గం చూపించాడు, తర్వాత నన్ను చూపించాడు. ముందే పాడేశారు కాబట్టి ఇంక నేసి తీరాలని ఆయన లెక్క. ఇన్నేళ్లలో నేను దారం కండెలకు చుట్టానే గానీ గుంటలో కాళ్లు పెట్టలేదు. ఇంకా పోని ఆ ఇద్దరు మనుషులే పట్టుకుని ఆయన్ని పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. నేను దిగాను. ఆయన పాడతాడు, నేను పేక దారంతో నాడె విసరాలి. తప్పు వేస్తే పాట ఆపేస్తాడు. నేను విప్పి మళ్లీ వేస్తే మళ్లీ ఎత్తుకుంటాడు. నిన్న ఎక్కువసేపు పాట ఆగే ఉంది.

ఇంకా జానెడు ఉండాది. నా చేతిలో రోజుకు ఒక వేలి వెడల్పు సాగుతుంది. రేపటికి కాదు.

పాట తీసేయొద్దు. మూడే పాడండి. నువ్వు నోరు జారకపోయి ఉంటే ఆయన లేచేవాడు కాదేమో. అలాగని నిన్ను మెచ్చుకోవడం లేదు.

రేవతి


విల్యాండి,
జూన్ 23

రేవతీ,

నీ కాగితం ఆఖరి ప్రాక్టీసుకు ముందు అందింది. ఈసారి దాచలేదు. రెండు బృందాలనూ కూర్చోబెట్టి మగ్గం, చీర, ఎల్లప్ప, వంటింట్లో నా తప్పు, అన్నీ చెప్పాను. మారె ఒకటే అడిగింది. “ఇంకా ఎంత ఉంది?” వేళ్లు చాపి జానెడు చూపించాను. తన చెయ్యి చాపి నా చేతి పక్కన పెట్టి చూసుకుంది. ఆ తర్వాత పాట తీసేసే మాట ఎత్తలేదు.

నిన్న చెరువొడ్డున స్టేజి. గట్టు మీద జనం నిండిపోయారు. పడుగు పాట చివరిది. నాకు భయమంతా మనవాళ్ల గురించి కాదు. ఆ నలభైమందికీ రాగాన్ని ఇంటికి చేర్చే అలవాటు ఉంది. ఏ ఒక్క గొంతు మరిచిపోయి ‘ఊ’ అన్నా మిగతావి దాని వెంటే పోతాయి.

మొదటి చరణం. రెండో చరణం. హెల్వి ‘వేళకమ్మా’ అంది. ‘ళ’ పలికింది. నేను ఆమెవైపు చూడలేదు, చూస్తే నవ్వొచ్చేది. మూడోది ‘ని’ మీదకు వచ్చింది. మారె చెయ్యి గాల్లో ఆపింది.

హెల్వి నా పక్కనే ఉంది. గొంతు కదలడం కనిపించింది. నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు గుచ్చుకున్నాయి. మైకులో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరూ పాడలేదు, రేవతీ. జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక చూస్తున్నారు. మారె చెయ్యి దించి, వాళ్ల వైపు తిరిగి, వాళ్ల భాషలో ఒక్క వాక్యం చెప్పింది. జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు లేవు. అలాగే నిలబడి, కాసేపటికి ఇళ్లకు పోయారు.

ఆమె చెప్పిందేంటో హెల్వి తర్వాత చెప్పింది. “ఈ పాటలో మిగిలిన భాగం ఇంకా మగ్గం మీద ఉంది.”

ఈ పొద్దున హెల్వితో రొట్టెల షాపుకు వెళ్లాను. అక్కడి మనిషి నన్ను చూసి ఏదో అడిగాడు. హెల్వి తల అడ్డంగా ఊపింది. దారిలో ఇంకొకరు, బస్ స్టాపులో ఇంకొకరు. ఏమడుగుతున్నారన్నాను.

“కోశారా అని,” అంది.

మేం గురువారం బయలుదేరతాం. కోసిన రోజు రాయి. నేను తిరుపతిలో ఉన్నా సరే, ముందు హెల్వికి పంపాలి. మాట తీసుకుంది.

గోద


నగరి,
జూలై 1

గోదక్కా,

కోశాం.

నిన్న ఆదివారం. నెలాఖరు. వెంకటముని పొద్దున్నే వచ్చి గడపలో కూర్చున్నాడు. వాడు పెట్టిన గడువు అది, నేను మరిచిపోలేదు. నాకింకా రెండు వేళ్ల వెడల్పు మిగిలి ఉంది. ఆయన పాడాడు, నేను నేశాను. నిన్న పాట మూడుసార్లే ఆగింది. నేను నేసిన భాగం ఆయన నేసిన భాగం పక్కన పెడితే తేడా ఎవరికైనా తెలుస్తుంది. ఆ చీర అమ్మం.

కత్తెర ఆయన ఎడంచేతికి ఇచ్చాను. పట్టు దొరకలేదు. వెంకటముని లేచి వచ్చి గుడ్డ బిగించి పట్టుకున్నాడు. “కొయ్యి అన్నా, నేను పట్టుకుంటాలే,” అన్నాడు. వంకరగా తెగింది. తెగింది.

ఆయన నాలుగో చరణం పాడాడు. చివరికొచ్చేసరికి ఊపిరి చాల్లేదు. నువ్వు రాసిన వాళ్ల పద్ధతి గుర్తొచ్చి, ఆఖరి మాట దగ్గర నేనందుకున్నాను. అందుకుంటే అది మొదటి చరణంలోకి పోయింది. మా ఇంట్లో అలా ఎప్పుడూ ఎవరూ పాడలేదు. మా అత్త ఉంటే నా వీపు మీద ఒకటి పడేది.

వెంకటముని బయటికి పోయి పవర్‌లూము వాళ్లకు ఫోన్ చేశాడు. “ఇప్పుడొద్దులేప్పా, తర్వాత చెప్తా,” అన్నాడు. ఎప్పుడో చెప్పలేదు.

ఇంక దాచేది లేదు, నాలుగో చరణం కింద రాస్తున్నాను. హెల్వమ్మకు పంపు, వాళ్ల మారెకు చూపించమను. ఇందులో కూడా ఒక ‘ళ’ ఉంది, జాగ్రత్త అని చెప్పు.

గుడ్డ దిగివచ్చినాదమ్మా, గుంట ఒట్టిదైనాదమ్మా
మగ్గం ఊరకుండదమ్మా, మళ్లీ పడుగు తేవమ్మా